మనవాళ్ళ ఇళ్ళకే

అంబులెన్సు వెళ్ళిపోయిన రోడ్డు మీద అక్షరను ఒంటరిగా వదిలి వచ్చాం కిందటి వారం. హాలోవీన్ సాయంత్రం పులి వేషం వేసుకుని మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగిన ఆరేళ్ళ ఏతాన్, కారు వెనక సీట్లో ఉన్నట్టుండి గొంతు పట్టుకున్నాడు. ముఖం ఉబ్బింది. ఊపిరి ఈల వేసినట్టు వినిపించింది. వాడి తల్లి షీనా నర్సు. సంచిలో ఎప్పుడూ ఉంచుకునే ఇంజెక్షన్ తీసి కొడుకు తొడలోకి పొడిచింది కాబట్టి ఆసుపత్రి చేరేదాకా ప్రాణం నిలిచింది.

వాడికి నట్స్ పడవు. ఆ సంగతి టూవూంబా అనే ఆ విదేశీ ఊరి తెలుగువాళ్ళందరికీ తెలుసు.

తెలిసే జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. అక్టోబరు మొదలైన దగ్గర్నుంచీ బ్లేడు దూర్చిన యాపిల్ ఫొటో, మత్తుబిళ్ళ కలిపిన లాలీ మిఠాయి కథ ఒక వాట్సాప్ గుంపు నుంచి ఇంకో గుంపుకు తిరుగుతూనే ఉన్నాయి. అది ఎవరికి జరిగింది, ఏ ఊళ్ళో జరిగింది అని ఎవరూ అడగలేదు. చర్చి హాల్లో కూర్చుని పెద్దలు ఒక మాట అనుకున్నారు. పిల్లలు ముచ్చటపడుతున్నారు కనక వెళ్ళనిద్దాం, కానీ మనవాళ్ళ ఇళ్ళకే. ఎమర్జెన్సీ వార్డులో పనిచేసే షీనా, "నాకు లాలీల భయం లేదు, చీకట్లో రోడ్డు దాటే పిల్లల భయమే" అన్నందుకు అందరికీ మెరిసే పసుపు జాకెట్లు తొడిగి, కార్లలో తిప్పారు. చీకటికి, కార్లకు, కొత్తవాళ్ళకు, అన్నిటికీ ఏదో ఒక అడ్డు కట్టుకున్నారు.

అడ్డు లేకుండా మిగిలింది ఒక్క చోటే. అక్షర అద్దెకుంటున్న అమృతం ఆంటీ ఇంటి పక్క కంచె. ఆ కంచె మీంచి పక్కింటి ముసలాయన డెస్ పిల్లల్ని పిలిచి తలా ఒక కప్ప బొమ్మ చాక్లెట్ చేతిలో పెట్టాడు. "నట్స్ ఉండకూడదు" అని షీనా ఇంగ్లీషులో గట్టిగానే అరిచింది. ఆయన నవ్వి తల ఊపాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ వీధిలో వేళ్ళన్నీ ఆయన వైపే చూపిస్తున్నాయి.

*

హాలోవీన్ అయిన రెండు రోజులకు, సమాధుల పండుగ నాటి మధ్యాహ్నం అక్షర యూనివర్సిటీ లైబ్రరీ నుంచి వచ్చేసరికి డెస్ చెత్తడబ్బా ఇంకా రోడ్డు పక్కనే ఉంది. మామూలుగా లారీ వెళ్ళిన వెంటనే ఆయన తన డబ్బాతో పాటు వీళ్ళది కూడా లోపలికి లాక్కొచ్చి పెట్టేవాడు. గుమ్మం మీద ఎవరో విసిరిన కోడిగుడ్ల సొన ఎండి పెచ్చులు కట్టింది. కిటికీ తెరలు మూసి ఉన్నాయి. అక్షర ఒక క్షణం ఆగి, ఏం చేయాలో తోచక, రెండు డబ్బాలూ లోపలికి లాగింది.

వంటింట్లో అమృతం తెల్లచీరలో ఉంది. సొంతూరు ఫిరంగిపురంలో అయితే ఈ రోజున సమాధులు కడిగి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇక్కడ ఆమెకు సమాధులు లేవు. పాలు మరవని వయసులో పోయిన కొడుకు కోసం వంటగట్టు మీద గాజుగ్లాసులో ఒక కొవ్వొత్తి వెలిగించుకుంది. ఆ బిడ్డ పేరు ఆమె ఎప్పుడూ పైకి అనదు. అక్షరా అడగదు.

"వచ్చావా అమ్మాయ్? మంచి కబురు! ఏతాన్ బాబు కళ్ళు తెరిచాడంట. గొట్టం తీసేశారంట. షీనా ఇందాకే ఫోన్ చేసింది."

అక్షర సంచీ భుజాన ఉండగానే కుర్చీలో కూలబడింది. "నిజంగనా ఆంటీ?"

"నా మీద ఒట్టు. జ్యూసు కావాలన్నాడంట. యాపిల్ జ్యూసిస్తే వద్దంట, ఆరెంజ్ కావాలంట. ఆ నర్సుతో పేచీ పెట్టాడంట. పేచీ పెట్టాడంటే ఇంక భయం లేదమ్మాయ్."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక అక్షర సంచీ కింద పెట్టింది. హాలోవీన్ నుంచీ ఆమె సరిగా నిద్రపోలేదు. టీచరు కోర్సు చివరి సంవత్సరం. ప్రాక్టీసు కోసం వెళ్తున్న ప్రైమరీ స్కూల్లో రోజూ పొద్దున్నే పిల్లల లంచ్‌బాక్సులు తెరిచి, నట్స్ ఏమైనా ఉన్నాయేమో చూసే పని ఆమెదే. నిన్న ఒక పాప డబ్బాను రెండుసార్లు మూసి, మళ్ళీ తెరిచి చూసింది.

అమృతం స్టీలు డబ్బాలో అడుగున టిష్యూ పరిచి, దాని మీద బంగారు రంగు ఉండలు ఒక్కొక్కటే పేర్చుతోంది.

"ఎవరికి ఆంటీ ఇవి?"

"వాడికే. మొన్న కారెక్కే ముందు ఒకటి తిని, 'అమ్మమ్మా, వన్ మోర్' అన్నాడు చూడు. ఇంకోటి కూడా చేతిలో పెట్టా. ఆ ఆసుపత్రి జెల్లీ ఏం తింటాడు పాపం! రేపు కాకపోతే ఎల్లుండి తింటాడుగా. నువ్వూ ఒకటి తీసుకో. చేసినప్పట్నుంచీ నోట్లో వేసుకున్న పాపాన పోలేదు."

నిజమే. ఆ రోజు అక్షర స్కూలు నుంచి వచ్చేసరికే పిల్లల వంతు ఉండలు గుమ్మడికాయ బొమ్మలున్న కాగితపు సంచుల్లోకి, మిగిలినవి డబ్బాలోకి వెళ్ళిపోయాయి. పిల్లలు గుమ్మంలో ఉన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ తీపి తినాలని అనిపించలేదు. ఇవాళ అనిపించింది. అక్షర ఒక ఉండ తీసుకుని సగం కొరికింది.

నమిలేదల్లా ఆగిపోయింది.

"ఆంటీ, ఇవి దేంతోని చేసిండ్రు?"

"శనగుండలమ్మా. ఆ రోజే చెప్పాగా."

"శనగలు కావు గదా ఇవి. పల్లీలు."

"అదేగా నేను చెప్పేది. శనగ్గుళ్ళు వేయించి, పొట్టు చెరిగి, దంచి, బెల్లంపాకంలో..."

"శనగ్గుళ్ళంటే?"

అమృతం ఆమెను వింతగా చూసింది. "శనక్కాయలు ఒలిస్తే వచ్చేయి. ఇంకేం శనగ్గుళ్ళు?"

"మా దిక్కు వాటిని పల్లీలంటరు ఆంటీ. శనగలంటే గుగ్గిళ్ళు చేసుకునే శనగలు."

"అయ్యీ శనగలే, ఇయ్యీ శనగలే. మరి శనగనూనె అంటే ఏందమ్మాయ్, గుగ్గిళ్ళ నూనా?" అమృతం నవ్వబోయింది. అక్షర ముఖం చూసి మానుకుంది. "ఏందట్టా ఉన్నావు? గుళ్ళు మక్కిన వాసన వచ్చిందా?"

"ఆంటీ, ఏతాన్‌కు నట్స్ పడయని అందరూ చెప్పిండ్రు గదా."

"చెప్పారు. అందుకేగా జీడిపప్పు వెయ్యంది! బాదం ముట్టుకోలేదు. పిస్తా అయితే డబ్బా మూత కూడా తియ్యలేదు. గరిటె కూడా కడిగి మరీ వాడాను."

"పీనట్ అంటే ఇదే గదా ఆంటీ."

అమృతం చేతిలో ఉండ డబ్బాలోకి దిగలేదు, పైకి రాలేదు.

"పీనట్ అని ఎవరన్నారమ్మా?" అంది చివరికి, చాలా నెమ్మదిగా. "పీనట్ నాకు తెలవదా? పీనట్ బటర్ నేను కొనుక్కురానా? అందరూ నట్స్, నట్స్ అన్నారు. మీటింగులో నట్స్ అన్నారు. షీనా నట్స్ అంది. పీనట్ అని ఒక్కరన్నా అన్నారా? నట్సంటే అయ్యేగా, పండక్కి డబ్బాల్లో వచ్చేయి. ఇది... ఇది మనం పచ్చడి చేసుకునేది. చేలో కాసేది."

అక్షరకు వేరే మాట వినబడుతోంది. ఆ సాయంత్రం గుమ్మంలో షీనా కాగితపు సంచి తెరిచి చూస్తూ, "ఏం స్వీటు అక్షరా? నట్స్ లేవుగా?" అని అడిగింది. అక్షర వంటింటివైపు తిరిగి కేకేసింది. "శనగుండలు!" అని లోపలినుంచి అమృతం కేకేసింది. పిల్లల గోలలో అది షీనా దాకా రాలేదు. అక్షర మళ్ళీ షీనా వైపు తిరిగి, "చిక్‌పీస్ అక్కా. నో నట్స్" అంది.

షీనాది నరసరావుపేట, అమృతం మాటే ఆమె మాట. విన్న మాటను విన్నట్టుగా ఆమెకు అందించి ఉంటే, 'శనగుండలు' అన్న ఒక్క మాట చాలేది. సంచి అక్కడే మూసేసేది. అక్షర మాట అందించలేదు. అర్థం అందించింది. తన ఊరు సిద్దిపేట అర్థం, గుగ్గిళ్ళ శనగలు. తర్వాత ఆసుపత్రికి వెళ్ళి అదే ఇంగ్లీషు మాటను డాక్టరుకూ చెప్పింది. ఇంటి స్వీటు మీద ఇక ఎవరి చూపూ పడలేదు. మిగిలింది డెస్ ఇచ్చిన చాక్లెట్టే. దాని కాగితం మీద, పీనట్ జాడలు ఉండవచ్చని సన్న అక్షరాల్లో ఉంది.

"నేను చిక్‌పీస్ అన్న ఆంటీ," అంది అక్షర. "మీరు సరిగనే చెప్పిండ్రు. నేనే మార్చి చెప్పిన."

"నువ్వేం చేస్తావులే. చేసింది నేను. రెండోది చేతిలో పెట్టింది నేను." అమృతం కుర్చీ వెతుక్కుంటున్నట్టు చెయ్యి గాల్లో ఆడించి, దొరక్కపోతే గట్టుకు ఆనుకుంది. "ఇప్పుడు ఇంకో డబ్బా తీసుకుపోతన్నాను, చూడు."

*

అమృతం భర్త బాలశౌరి ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. యూనివర్సిటీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా ముందు నిలబడతాడు. డెస్ ఇంటి ఫొటో తీసి, 'పిల్లల్ని ఈ గుమ్మం తొక్కనివ్వకండి' అని గుంపులో పెట్టింది ఆయనే. ఏతాన్ తండ్రి మార్క్‌తో కలిసి పోలీసుల దగ్గరికి వెళ్ళి, కంచె దగ్గర చూసింది చెప్పడానికి ఇప్పుడు బయల్దేరుతున్నాడు.

"కారు తాళాలేయి? ఏంది, ఇద్దరూ అట్టా నిలబడ్డారు? బాబుకేమన్నా..."

"బాబు బాగానే ఉన్నాడు," అంది అమృతం. "ఒకటి తినండి."

"ఇప్పుడు స్వీటేందే?"

"తినండి."

ఆయన ఉండ నోట్లో వేసుకుని నమిలాడు. భార్య ముఖం చూశాడు. అక్షర ముఖం చూశాడు. నమలడం నెమ్మదించింది. ల్యాబులో ముప్పాతిక జీవితం గడిపిన మనిషికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మింగి, కుళాయి తిప్పి, ఒక గ్లాసు నీళ్ళు తాగాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

అక్షర ఆ మాట ఆయన నోటి వెంట వస్తుందనుకోలేదు. "మన ముగ్గురికే అంకుల్."

"అయితే కాస్త ఆగండి. తొందరపడొద్దు. చాక్లెట్ వల్ల కాదని నువ్వు చెప్పగలవా? దాని మీదా రాసుందిగా."

"జాడలుండొచ్చని రాసుంది. ఇది మొత్తం అదే గదా అంకుల్."

"నేనడిగేది రుజువు సంగతి."

"రుజువు నా నోట్ల ఉంది."

బాలశౌరి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపంగా లేడు. అందుకే అక్షరకు భయం వేసింది. "చూడమ్మాయ్. బాబు బతికాడు. దేవుడి దయ. డెస్‌ను ఏమీ ఉరి తియ్యరు. మందలిస్తారు, వదిలేస్తారు. అదే మన పేరు బయటికొచ్చిందనుకో. మార్క్, షీనా మా ఇంటికి మళ్ళీ వస్తారా? వాడు మీ ఆంటీని అమ్మమ్మా అంటాడే, ఇంక అననిస్తారా? పోనీ మా సంగతి వదిలెయ్. నువ్వు టీచరువి కావాలి. పిల్లల మధ్య పనిచెయ్యాలంటే బ్లూ కార్డ్ ఉండాలి. పోలీసు కాగితాల్లో నీ పేరు ఎక్కితే ఆ కార్డు సంగతి ఏంది? ఫీజులకు మీ నాన్న పొలం తాకట్టు పెట్టాడని నువ్వేగా చెప్పావు. నేను బెదిరించట్లేదమ్మా. ఉన్నది చెప్తన్నా."

బెదిరింపు కాదని అక్షరకూ తెలుసు. కార్డు లేకపోతే తరగతి గది లేదు. అంత వరకే ఆమెకు తెలుసు. చేసిన తప్పు ఎంత పెద్దదో, దాన్ని ఎవరు ఎలా కొలుస్తారో తెలియదు.

"ఆయన గుమ్మం మీద గుడ్లు కొట్టిండ్రు అంకుల్," అంది.

"నేను కొట్టానా?"

"ఫొటో మీరు పెట్టిండ్రు."

బాలశౌరి మెడ దగ్గర చొక్కా గుండీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేను మంచికే పెట్టాను," అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి ముసలితనం వినబడింది.

"మనకు భయం అంతా ఆ కంచె అవతలే ఉందిగా," అంది అమృతం. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె వాళ్ళతో మాట్లాడుతున్నట్టు లేదు. "ఎవరో తెలవని వాళ్ళు ఏం పెడతారో అని భయం. బ్లేడంట, బిళ్ళంట. నేనూ అందరికీ పంపాను ఆ బొమ్మలు. మా ఇంటికి రండి, మా ఇంట్లో భయం లేదు అని షీనాతో నేనే అన్నాను. అది నమ్మింది. నమ్మే, సంచి అంతగా చూళ్ళేదు. వేరేవాళ్ళింట్లో అయితే వాసన చూసేది. ముక్క తుంచి చూసేది."

"అమృతం..."

"మీరు ఆగండి. పసివాడు లేని ఇల్లు ఎట్టా ఉంటదో నాకు తెలుసు. మీకూ తెలుసు. ఆ ఇల్లు షీనాకు రాలేదు. అది దేవుడు నాకు చేసిన మేలు. ఆ మేలు తీసుకుని ఇంకో మనిషి నెత్తిన ఇది పెట్టనా?" కొంగుతో చేతులు తుడుచుకుంది. "డాక్టర్లకు తెలవాలా వద్దా? వాడికి చిక్‌పీస్ పడతాయి, అమ్మమ్మ ఉండలు పడతాయి అని షీనా అనుకుంటే, వచ్చే పండక్కి మళ్ళీ తినిపిస్తది. ఇంకెవరింట్లోనో తింటాడు. అప్పుడు సూది సంచిలో లేకపోతే?"

బాలశౌరి ఉండల డబ్బా దగ్గరికి లాక్కుని మూత పెట్టాడు.

"పద అమ్మాయ్. ముందు పక్కింటికి పోదాం. ఆయనకు చెప్పి, ఆ గుమ్మం కడిగి, అప్పుడు ఆసుపత్రికి. నాకు ఇంగ్లీషు తడబడతది. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఏం మార్చొద్దు."

అక్షర తల ఊపింది. మెడ మీద నుంచి ఏదో దిగినట్టయింది. బాలశౌరి కాదనలేదు. లేచి, భార్య చెప్పులు తలుపు దగ్గర సరిచేసి పెట్టాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

అమృతం చెప్పులో ఒక కాలు పెట్టి, రెండోది పెట్టబోతుండగా బాలశౌరి ఫోన్ మోగింది. మార్క్. ఆయన స్పీకర్ నొక్కాడు.

"అంకుల్, మీరు బయల్దేరారా? ఇంక రానక్కర్లేదు."

"ఏమయింది మార్క్? బాబు?"

"హీ ఈజ్ ఫైన్ అంకుల్, నిద్రపోతన్నాడు. ఆ డెస్ ఇక్కడికొచ్చాడు. హాస్పిటల్‌కి. వార్డు బయట టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఏడ్చేశాడు. నేనే చేశాను అన్నాడు."

బాలశౌరి స్పీకర్ శబ్దం పెంచాడు.

"నేనే చేశాను, ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు, ఊరికే తల ఊపాను అన్నాడు. ప్రతి ఏడూ లాలీలు వాళ్ళావిడ కొనేదంట. లేబుల్ చదివి మరీ కొనేదంట. ఆవిడ ఇక్కడి జూలై చలికాలంలో పోయిందంట కదా, మనకెవరికీ తెలియనే తెలియదు. ఈసారి తనే కళ్ళజోడు లేకుండా వెళ్ళి కొన్నాడంట. పొద్దున పోలీసుల దగ్గరికి కూడా వెళ్ళి ఇదే చెప్పొచ్చాడంట. షీనా ఆయన చెయ్యి పట్టుకుంది అంకుల్. కోపం పోయింది మాకు. ఇట్స్ ఓవర్. ఇంక దీన్ని ఇక్కడితో వదిలేద్దామనుకుంటున్నాం."

"సరే," అన్నాడు బాలశౌరి.

అమృతం చెప్పులోంచి కాలు బయటికి తీసింది. తీసిన సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు. ఫోనుకు వినపడకుండా, అక్షర చెవి దగ్గర, ఎవరినో బతిమాలుతున్నట్టు అంది.

"అందరి కోపం పోయిందంటగా అమ్మాయ్. ఆయన్ని షీనా క్షమించిందంట. ఇప్పుడు మనం పోయి మళ్ళీ కదిపితే... నువ్వే చెప్పు. ఏతాన్‌కు మళ్ళీ ఎప్పుడూ నేనేమీ పెట్టను. నా చేత్తో నీళ్ళు కూడా ఇవ్వను. చాలదా?"

అక్షర ఆమె ముఖంలోకి చూసింది. ఇందాక అంత మాట అన్న మనిషి ముఖం అదే. అందులో పిరికితనం లేదు. ఆశ ఉంది. దాన్ని చూడటం ఇంకా కష్టంగా ఉంది.

"అక్షర ఉందా అంకుల్ అక్కడ?" ఫోన్లో మార్క్ గొంతు మళ్ళీ వినిపించింది. "డాక్టర్ ఫైల్ క్లోజ్ చేసే ముందు ఒక్క మాట అడగాలంటన్నారు. వాడు ఇకమీదట ఏం తినొచ్చో, ఏం తినకూడదో రాసి స్కూలుకు పంపాలంట. ఇదిగో, ఇస్తన్నా."

చప్పుడు. ఫోన్ చేతులు మారింది. ఓపికైన ఆడగొంతు ఒకటి ఇంగ్లీషులో పలకరించింది.

"హాయ్ అక్షరా. ఎక్కువసేపు పట్టదు. ఇంట్లో చేసిన ఆ స్వీటు గురించి మొన్న నువ్వు నాతో ఒక మాట చెప్పావు. అదే ఖాయం అని రాసుకోవచ్చా?"

బాలశౌరి ఫోన్‌ను అక్షర వైపు చాచాడు. ఆయన చెయ్యి ఎటూ చెప్పడం లేదు. అమృతం మాత్రం అక్షర మణికట్టు పట్టుకుంది. ఆపడానికో, ముందుకు నెట్టడానికో ఆ పట్టును బట్టి తెలియడం లేదు.

"అక్షరా? లైన్లో ఉన్నావా?" అంది డాక్టరు.

"ఉన్నాను," అంది అక్షర.